మిమ్మల్ని ఏడిపించిన సీన్‌ను విప్పి చూడటం ఎలా?

సినిమా చూసి ఏడిస్తే మన మనసు మెత్తనిదని సరిపెట్టుకుంటాం. ఆ ఏడుపు వెనక రచయిత, ఎడిటర్, నటులు పడ్డ పాట్లు చాలా ఉంటాయి. వాటిని పట్టుకోవడానికి మళ్లీ చూడగలిగే ఒక సీన్, కాగితం, పెన్ను చాలు. మొదటిసారి చూస్తున్నప్పుడు మాత్రం ఈ పని పెట్టుకోకండి, హాయిగా ఏడవండి.

రెండోసారి చూస్తూ, కళ్లు చెమర్చిన చోట పాజ్ చేసి టైమ్ రాసుకోండి. చాలాసార్లు అది చావు కబురు తెలిసిన చోట ఉండదు. పోయినాయన మందుల కోసం పెట్టుకున్న అలారం ఆ తర్వాత ఎప్పుడో మోగినప్పుడో, అంతసేపూ బిగబట్టుకున్న భార్య గొంతు ఏదో మామూలు మాట దగ్గర పూడుకుపోయినప్పుడో ఉంటుంది. పాత్ర ఏడుపు ఆపుకునేకొద్దీ మనకు ఆగదు. గ్లిజరిన్ ధారగా కారే సీరియల్ సీన్లలో మన కళ్లు పొడిగా ఉండేది అందుకేనేమో. ఏడవాల్సిందంతా వాళ్లే ఏడ్చేస్తారు.

ఇప్పుడు వెనక్కి వెళ్లండి. అసలు పని ఇక్కడే. ఆ అలారం అంతకుముందు ఎక్కడెక్కడ మోగిందో వెతకండి. బహుశా ఆయన విసుక్కుంటూ దాన్ని ఆపేసే కామెడీ సీన్ ఒకటి దొరుకుతుంది. అప్పుడు మనం నవ్వి వదిలేసి ఉంటాం. 2009లో పిక్సర్ స్టూడియో తీసిన 'అప్' అనే యానిమేషన్ సినిమా మొదట్లో, ఒక జంట కాపురమంతా మాటల్లేకుండా నిమిషాల్లో గడిచిపోతుంది. వయసులో ఉన్నప్పుడు కొండ మీదికి భార్యే ముందు పరుగెడుతుంది. ముసలితనంలో అదే కొండ ఎక్కలేక పడిపోతుంది. మొదటి పరుగును కత్తిరించేస్తే రెండోసారి పడిపోవడంలో అంత బలం ఉండదు.

తర్వాత ఒకసారి సౌండ్ తీసేసి చూడండి, ఇంకోసారి కళ్లు మూసుకుని వినండి. ఏడిపించింది ముఖమో, వయొలినో తేలిపోతుంది.

చూపించకుండా వదిలేసింది కూడా రాసుకోండి. 1942 నాటి 'బాంబి' అనే యానిమేషన్ సినిమాలో తల్లి జింక చావు తెర మీద కనిపించదు. తుపాకీ మోత వినిపిస్తుంది, అంతే. ఆ తర్వాత మంచులో పిల్ల తల్లిని పిలుస్తూ వెతుకుతుంది. మిగతాది మనమే ఊహించుకుంటాం, ఆ ఊహే ఎక్కువ బాధపెడుతుంది.

చివరగా, సినిమా చూడనివాళ్లకు ఆ ఒక్క సీనే చూపించండి. వాళ్లు కదలకపోతే బలం అంతకుముందు నడిచిన కథలో ఉందని అర్థం. కదిలితే నటనలోనో, సంగీతంలోనో ఉంది. 1979 నాటి 'ద చాంప్' ఈ రెండో రకం. చనిపోయిన బాక్సర్ తండ్రి పక్కన పిల్లాడు ఏడ్చే ఆ ముక్కను, జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్‌సన్ అనే సైకాలజిస్టులు 1995లో ప్రచురించిన పరిశోధనలో బాధ పుట్టించే క్లిప్పుల్లో చేర్చారు. తర్వాత ఎన్నో ప్రయోగాల్లో దాన్నే వాడారు. అక్కడ పిల్లాడు దాచుకోకుండా ఏడుస్తాడు, అయినా మనకు ఆగదు. ఆపుకోవడం పెద్దవాళ్ల విద్య, పిల్లల నుంచి దాన్ని మనం ఆశించం. కాబట్టి మీ సీన్లో ఏడ్చేది ఎవరో ముందే రాసుకోండి.