తొమ్మిది నుంచి పన్నెండేళ్ల పిల్లల చేత మ్యాజికల్ గర్ల్ మాంగా చదివించడం ఎలా?

మాంగా అంటే జపాన్ బొమ్మల కథలు; వాటిలో మంత్రశక్తులున్న అమ్మాయిల కథలే మ్యాజికల్ గర్ల్ మాంగా. వాటి అట్టలన్నీ చూడడానికి ఒకేలా ఉంటాయి: పెద్ద కళ్ల అమ్మాయి, కుచ్చుల గౌను, చేతిలో మంత్రదండం, పక్కన మాట్లాడే బుల్లి జంతువు. లోపలి కథ తొమ్మిదేళ్ల పిల్ల కోసం రాసిందో, పెద్దవాళ్ల కోసం రాసిందో ఆ అట్టను బట్టి తేలదు. అందుకని కొనబోయే ముందు, ఆ కథ మొదట ఏ పత్రికలో ధారావాహికగా వచ్చిందో తెలుసుకోవాలి. జపాన్‌లో మాంగా సాధారణంగా పత్రికలో భాగాలుగా వెలువడిన తర్వాతే సంపుటాలుగా వస్తుంది; ఏ పత్రిక ఏ వయసు పాఠకులదో అక్కడ ముందే స్థిరపడి ఉంటుంది. కోదాన్షా ప్రచురణ సంస్థ వారి ‘నకయోషి’, షూయీషా సంస్థ వారి ‘రిబోన్’ 1950ల నడుమ మొదలై, బడి వయసు ఆడపిల్లల కోసమే నడుస్తూ వచ్చిన పత్రికలు. ఈ తరహా కథలకు ఆద్యులని చెప్పుకొనే అక్కో, శాలీ అనే ఇద్దరు బాలికలూ 1960లలో రిబోన్ పుటల మీదే పుట్టారు.

ఈ జాగ్రత్త ఎందుకంటే, ‘మడోకా మాజికా’ 2011లో టీవీ ధారావాహికగా వచ్చి, మాంగాగానూ వెలువడింది. అందులోనూ కుచ్చుల గౌన్లే ఉంటాయి, కానీ కోరిక తీర్చుకున్న ప్రతి అమ్మాయీ దానికి చెల్లించే మూల్యం చాలా భయంకరంగా ఉంటుంది. కథగా అది గొప్పదే, అయితే పదేళ్ల పిల్ల చేతికి ఇవ్వవలసినది కాదు.

తొమ్మిది, పదేళ్ల వారికి మొదటి పుస్తకంగా నేను ‘కార్డ్‌క్యాప్టర్ సకురా’నే సూచిస్తాను. క్లాంప్ అనే రచయిత్రుల బృందం 1996 నుంచి 2000 వరకు నకయోషిలో రాసిన ఈ కథ పన్నెండు సంపుటాలలో ముగుస్తుంది. నాలుగో తరగతి చదివే కథానాయిక చెల్లాచెదురైన మాయకార్డులను ఒక్కొక్కటిగా పట్టుకుంటూ పోతుంది కాబట్టి, పిల్ల ఎక్కడ ఆపినా మళ్లీ అందుకోవడం తేలిక. ఒక్క విషయం మాత్రం పెద్దవాళ్లు ముందే చదివి చూసుకోవాలి: ఉపకథలలో ఒకచోట ఒక విద్యార్థినికీ ఆమె ఉపాధ్యాయునికీ మధ్య ప్రేమను తప్పేమీ లేనట్టు చూపించారు. దానిని దాచిపెట్టడం కంటే, అది ఎందుకు సరికాదో పిల్లతో మాట్లాడడం మేలు. పదకొండు, పన్నెండేళ్లు వచ్చాక తాకెయుచి నవోకో రాసిన ‘సెయిలర్ మూన్’కు వెళ్లవచ్చు. అందులో కథానాయికకు పద్నాలుగేళ్లు. ప్రేమ, త్యాగం, ప్రాణాలు పోవడం, మళ్లీ పుట్టడం అన్నీ ఉంటాయి. అది మొదట పద్దెనిమిది సంపుటాలుగానూ, తర్వాతి ముద్రణలో పన్నెండు సంపుటాలుగానూ వచ్చింది. కనుక రెండు ముద్రణల పుస్తకాలను కలిపి కొంటే కథలో కొంత భాగం తప్పిపోవచ్చు, లేదా చదివిందే మళ్లీ రావచ్చు.

ఇక చదివే పద్ధతి. జపాన్ వరుసలోనే అచ్చయిన పుస్తకాన్ని మనకు చివరి అట్టగా కనిపించే వైపు నుంచి తెరవాలి. పుటలో కుడివైపు పైనున్న బొమ్మగడితో మొదలుపెట్టి, ఎడమకు జరిగి, ఆ వరుస అయ్యాక కింది వరుసలో మళ్లీ కుడి నుంచి చదవాలి; ఒకే గడిలో రెండు మాటల బుడగలుంటే కుడివైపుదే ముందు. మొదటి రెండు మూడు పుటలు పిల్ల పక్కన కూర్చుని వేలితో చూపిస్తే, ఆ తర్వాత కన్ను దానంతట అదే అలవాటు పడుతుంది. చిక్కంతా కథానాయిక మామూలు అమ్మాయి నుంచి మంత్రశక్తుల అమ్మాయిగా రూపం మారే ఘట్టంలో వస్తుంది. అక్కడ గడుల గీతలు మాయమవుతాయి, జుట్టూ రిబ్బన్లూ పక్క గడిలోకి పాకుతాయి, ఒకే బొమ్మ రెండు పుటల మీదా పరుచుకుంటుంది, తోకలేని బుడగలలో మనసులోని మాటలు తేలుతుంటాయి. అలాంటి చోట గడుల మధ్య ఉన్న ఖాళీలను చూడమనండి. చాలా పుస్తకాలలో అడ్డంగా సాగే ఖాళీ, నిలువుగా ఉన్న ఖాళీ కంటే వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పాటి ఖాళీ దగ్గరే ఒక వరుస ముగిసినట్టు. టాబ్‌లో చదివేటప్పుడు తెరను అడ్డంగా తిప్పకపోతే ఆ జంట పుటల బొమ్మ సగానికి తెగిపోతుంది. పుట తిప్పే దిశను కూడా కుడి నుంచి ఎడమకు మార్చుకోవాలి.

మొత్తం సంపుటాలను ఒకేసారి కొనవద్దు, రెండు చాలు. పిల్లలు ఒక సంపుటాన్ని గంటలో ముగించేసి, మళ్లీ మొదటి పుట తెరుస్తారు. మాటల కోసం మొదటిసారి, బొమ్మల కోసం రెండోసారి చదువుతారు కాబట్టి “చదివిందే చదువుతావేం?” అని కసరకూడదు. కథ చెప్పమని పాఠం అప్పజెప్పించుకున్నట్టు అడగడం కంటే, ఏ పుట దగ్గర ఎక్కువసేపు ఆగావని అడిగితే వాళ్లే ఉత్సాహంగా చూపిస్తారు. ఇవి ఆడపిల్లల పుస్తకాలన్న మాట ఇంట్లో వినిపించకపోతే మగపిల్లలూ అంతే ఇష్టంగా చదువుతారు. రెండు సంపుటాల తర్వాత కూడా ఆసక్తి పుట్టకపోతే బలవంతం చేయకుండా వేరే కథను చూడాలి. సకురా కథ నచ్చినవారు 2016లో మొదలైన ‘క్లియర్ కార్డ్’ అనే కొనసాగింపును అడుగుతారు. అది మొదటి కథ ముగిసిన చోటి నుంచే సాగుతుంది కనుక, పన్నెండో సంపుటం పూర్తయ్యాకే దానిని తెప్పించాలి.