కుద్రేముఖ్ ఎక్కాలంటే కాళ్ల కింద చూసుకోవాలి

ఫొటోలు చూసి "అంతా పచ్చికేగా, నడిచేద్దాం" అనుకుంటారు చాలామంది. కర్ణాటకలో, పడమటి కనుమల్లో ఉన్న ఈ శిఖరం ఎత్తు దాదాపు 1,890 మీటర్లు. నడక మొదలయ్యే ముళ్లోడి ఊరి నుంచి వెళ్లి రావడానికి ఇంచుమించు 20 కిలోమీటర్లు. ఆయాసం ఎలాగో సర్దుకుంటుంది, పాదాలతోనే పేచీ.

ఇది 1987 నుంచి నేషనల్ పార్క్ కాబట్టి కర్ణాటక అటవీ శాఖ పర్మిషన్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోవాలి. శని, ఆదివారాలు చిటికెలో నిండిపోతాయి. బెంగళూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి కళస, అక్కణ్ణుంచి జీపులో ముళ్లోడి. మా తెలుగు గ్యాంగులు సొంత కారుతో ఆ రాళ్ల దారి ఎక్కుదామని చూస్తారు. వద్దు బాబూ.

నేనైతే అక్టోబరు, నవంబరు తప్ప వెళ్లను. నడి వానాకాలంలో ఎదురుగా ఉన్న కొండే కనపడదు. ఎండాకాలంలో గడ్డి ఎండి కార్చిచ్చు భయం.

వానలు తగ్గాక గడ్డి మోకాలి దాకా ఉంటుంది. దారి ఒక్క పాదం పట్టేంత సన్నం. వాన కోసిన గాడి, నాచు పట్టిన రాయి కాలు పెడితే గానీ తెలియవు. అందుకే చేతికర్ర ముందు పెట్టి, ఆ తర్వాతే అడుగు వేయండి. అసలు కష్టం దిగేటప్పుడు. మోకాళ్లు కాస్త వంచి, పాదం అడ్డంగా తిప్పి, చిన్న చిన్న అడుగులు వేయాలి. జారుతున్నామని గడ్డి పట్టుకుంటే అరచెయ్యి కోసుకుంటుంది.

కొండ మడతల్లో నల్లగా కనిపించే అడవి ముక్కలు షోలాలు. వాగులు, నీడ అక్కడే, జలగలూ అక్కడే. ఫొటోల కోసం ఆగకండి. జలగ పట్టుకుంటే లాగొద్దు, సన్నటి కొస దగ్గర గోరు పెట్టి పక్కకి నెడితే వదిలేస్తుంది. రక్తం కాసేపు కారుతుంది, కంగారు పడక్కర్లేదు.

పైన చెట్టూ ఉండదు, నీడా ఉండదు. టోపీ, రెండు లీటర్ల నీళ్లు, హోమ్‌స్టే వాళ్లు కట్టిచ్చే చిత్రాన్నం చాలు. మంచు కమ్మితే మాత్రం ఉన్నచోటే కూర్చోండి. అడవిదున్నలు తొక్కిన దారులు అచ్చం మన దారిలాగే ఉంటాయి, ఏ లోయలోకో తీసుకెళ్తాయి. గైడ్ కదలమన్నాకే కదలండి. పైన టెంట్ వేయనివ్వరు, కాబట్టి సాయంత్రానికల్లా దిగిపోయేలా పొద్దున్నే బయల్దేరాలి.

జీపెక్కే ముందు బూట్లు విప్పి, సాక్సు తిరగేసి దులపండి. సీటు మీద జలగ కనిపిస్తే డ్రైవరన్న ఊరుకోడు.