ఉద్యోగుల హెల్త్ ప్లాన్‌లో మందుల కవరేజీ – 3వ పాఠం: ఫార్మసీలో 'రిజెక్ట్' అన్నప్పుడు

మొదటి పాఠంలో ఫార్ములరీ (ప్లాన్ కవర్ చేసే మందుల జాబితా) చదవడం నేర్చుకున్నాం, రెండో దాంట్లో టైర్లు (మందుల ధర మెట్లు), కోపే (ప్రతిసారీ మీరు కట్టే వాటా), డిడక్టబుల్ (ప్లాన్ కట్టడం మొదలయ్యేముందు మీరు భరించాల్సిన మొత్తం) లెక్కలు చేశాం. ఆ లెక్కలన్నీ క్లెయిమ్ పాస్ అయినప్పుడే పనికొస్తాయి. అమెరికాలో ఉద్యోగం ద్వారా ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఎక్కువగా ఇబ్బంది పడేది కౌంటర్ దగ్గర 'మీ ఇన్సూరెన్స్ తీసుకోవట్లేదు' అనే మాట విన్నప్పుడు. ఆ మాట వెనక కనీసం ఐదారు వేర్వేరు కారణాలు ఉండొచ్చు. ఒక్కోదానికి వెళ్లాల్సిన దారి వేరు.

ముందు తెర వెనక జరిగేది చూద్దాం. ఫార్మసీ మీ కార్డు మీది ఆర్ఎక్స్ బిన్, పీసీఎన్, ఆర్ఎక్స్ గ్రూప్, మెంబర్ ఐడీ కొట్టి క్లెయిమ్ పంపుతుంది. అది వెళ్లేది పీబీఎం దగ్గరికి, అంటే మందుల క్లెయిములు మాత్రమే చూసే సంస్థకు. సీవీఎస్ కేర్‌మార్క్, ఎక్స్‌ప్రెస్ స్క్రిప్ట్స్, ఆప్టమ్ ఆర్ఎక్స్ ఇలాంటివే. కొన్ని సెకన్లలో పాస్ అన్నా వస్తుంది, లేదా ఒక రిజెక్ట్ కోడ్, దానితో ఒక చిన్న మెసేజ్ వస్తాయి. డాక్టర్ బిల్లులు చూసే కంపెనీకి ఫోన్ చేసి అరగంట హోల్డ్‌లో ఉండి, చివరికి 'మందుల సంగతి మాకు తెలియదు' అనిపించుకునేవాళ్లు చాలామంది. కార్డు వెనక ఫార్మసీకి విడిగా ఉన్న నంబరుకే చేయాలి. కొన్ని కంపెనీలు మందులకు వేరే కార్డే ఇస్తాయి.

అందుకని కౌంటర్ దగ్గర 'ఎందుకు రాలేదు' అని అడక్కండి. 'రిజెక్ట్ కోడ్ ఎంత, మెసేజ్‌లో ఏముంది' అని అడిగి రాసుకోండి. ఈ కోడ్లు అన్ని ఫార్మసీలకూ ఒకటే.

65 వస్తే మీ పేరు ప్లాన్‌లో కనిపించట్లేదని అర్థం. కొత్త ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనో, ఫార్మసీ పాత కార్డు వాడినప్పుడో వస్తుంది. 40 అయితే ఆ ఫార్మసీ మీ నెట్‌వర్క్‌లో, అంటే ప్లాన్‌తో ఒప్పందమున్న ఫార్మసీల్లో, లేదు. రెండూ తేలికైనవే.

79 అంటే రీఫిల్ ఇంకా తొందర. ఇచ్చిన మందులో సాధారణంగా 75 నుంచి 85 శాతం అయిపోయే రోజులు గడిస్తేనే ప్లాన్ మళ్లీ ఇస్తుంది. ఏ తేదీ నుంచి వీలవుతుందో ఫార్మసీ స్క్రీన్ మీదే తెలుస్తుంది. ప్రయాణముంటే 'వెకేషన్ ఓవర్‌రైడ్', అంటే ముందే మందు ఇచ్చేలా మినహాయింపు, అడగాలి. రెండు నెలలు ఇండియా వెళ్తున్నవాళ్లు టికెట్ బుక్ చేసుకున్నప్పుడే పీబీఎంకు ఫోన్ చేయడం మంచిది. ఎన్ని రోజుల మందు ముందే ఇస్తారో, ఏడాదికి ఎన్నిసార్లు ఇస్తారో ప్లాన్‌ను బట్టి మారుతుంది. కంట్రోల్డ్ మందులకు (దుర్వినియోగం కాకుండా చట్టం కట్టడి చేసినవి) చాలా ప్లాన్లు ఒప్పుకోవు.

76 అంటే పరిమాణం పరిమితి దాటింది. మైగ్రెయిన్‌కు వాడే సుమాట్రిప్టాన్‌కు నెలకు 9 మాత్రలు అనే హద్దు చాలా చోట్ల ఉంటుంది. అది నిజమైన పరిమితి, డాక్టర్ అడిగితేనే పెరుగుతుంది. కానీ కొన్ని 76లు, 79లు అసలు పరిమితి వల్ల రావు. 'ఎన్ని రోజులకు సరిపోతుంది' అనే గడిలో ఫార్మసీ తప్పు అంకె వేయడం వల్ల వస్తాయి. మాత్రలకు ఈ లెక్కలో పొరపాటు తక్కువ. ఇన్సులిన్, ఇన్‌హేలర్, కంటి చుక్కలకే ఎక్కువగా పొరపాటవుతుంది.

ఇన్సులిన్ పెన్ తీసుకోండి. 3 మిల్లీలీటర్ల పెన్నులో, మిల్లీలీటరుకు 100 యూనిట్ల రకమైతే, 300 యూనిట్లు. పెట్టెలో 5 పెన్నులు, మొత్తం 1500. రోజుకు ఒకేసారి 50 యూనిట్లు తీసుకునేవారికి 30 రోజులు అనిపిస్తుంది. కానీ ప్రతి ఇంజెక్షన్‌కు ముందు సూది సరిచూడ్డానికి 2 యూనిట్లు బయటికి వదలాలి. 1500ను 52తో భాగిస్తే 28 రోజులు. ఫార్మసీ 30 అని వేస్తే ప్రతి పెట్టెకూ లెక్కలో రెండు రోజులు ఎక్కువ పడతాయి. ప్రిస్క్రిప్షన్ మీద 'చెప్పినట్టు వాడాలి' అని మాత్రమే ఉంటే ఫార్మసిస్ట్ ఊహించి అంకె వేయాల్సిందే. రోజుకు గరిష్ఠంగా ఎన్ని యూనిట్లో రాయమని డాక్టర్‌ను అడగండి. సగం గొడవ అక్కడే తీరుతుంది.

75 అంటే ప్రయర్ ఆథరైజేషన్, అంటే ప్లాన్ నుంచి ముందస్తు అనుమతి, కావాలి. ఇది ఫార్మసీ చేసే పని కాదు, ఫారం నింపాల్సింది డాక్టర్ ఆఫీసు. ఫార్మసీ ఒక ఫ్యాక్స్ పంపి ఊరుకుంటుంది, అది అవతల కాగితాల కింద పడి ఉంటుంది, మీరేమో రెండు వైపులా ఎవరో పని చేస్తున్నారనుకుంటారు. అదే రోజు డాక్టర్ ఆఫీసుకు మీరే ఫోన్ చేసి బిన్, పీసీఎన్, మెంబర్ ఐడీ, పీబీఎం నంబరు ఇవ్వండి. ఫారంలో ముఖ్యంగా చూసేది జబ్బు కోడ్, ల్యాబ్ ఫలితాలు, ఇంతకుముందు వాడిన మందులు, వాటి తేదీలు. చాలాసార్లు జబ్బు కోడే తేలుస్తుంది. ఓజెంపిక్, వెగోవీ రెండిట్లోనూ ఉన్నది సెమాగ్లూటైడే. మొదటిది ప్రధానంగా టైప్ 2 డయాబెటిస్‌కు, రెండోది ప్రధానంగా బరువు తగ్గడానికి అనుమతి పొందినవి. ఒకదాన్ని ఇచ్చే ప్లాన్ రెండోదాన్ని పూర్తిగా కాదనొచ్చు. అనుమతి వచ్చాక దాని గడువు తేదీ రాసిపెట్టుకోండి, తరచూ ఆరు నెలలో ఏడాదో ఉంటుంది. జనవరి 1న కంపెనీ పీబీఎంను మారిస్తే పాత అనుమతులు కొత్త చోటికి వస్తాయన్న నమ్మకం లేదు.

608 స్టెప్ థెరపీ. ముందు చౌక మందు వాడి చూడాలని ప్లాన్ షరతు. మీరు దాన్ని పాత ఉద్యోగంలో ఉన్నప్పుడే వాడి ఉండొచ్చు, కానీ కొత్త పీబీఎం దగ్గర ఆ రికార్డు ఉండదు. పాత ఫార్మసీ నుంచి మందుల చరిత్ర ప్రింటు తీసుకుని డాక్టర్ ఆఫీసుకు ఇవ్వండి.

70 అంటే కవర్ కాదు. ఇక్కడ ఒకే ప్రశ్న: 'ఇది నాన్-ఫార్ములరీనా, ప్లాన్ ఎక్స్‌క్లూజనా?' మొదటిదైతే, అంటే మందు జాబితాలో లేకపోతే, డాక్టర్ మినహాయింపు అడగొచ్చు. రెండోదైతే మీ కంపెనీ ఆ తరహా మందులనే ప్లాన్‌లోంచి తీసేసింది, డాక్టర్ ఎంత బలమైన ఉత్తరం రాసినా పని జరగడం కష్టం. సమ్మరీ ప్లాన్ డిస్క్రిప్షన్ అనే పత్రంలో ఆ జాబితా ఉంటుంది, హెచ్ఆర్ ఇస్తుంది. మూడో అవకాశం కూడా మరవొద్దు: మందు సరైనదే, రకం తప్పు. డయాబెటిస్ మందు మెట్‌ఫార్మిన్‌లో నెమ్మదిగా విడుదలయ్యే రకమైన ఈఆర్‌లో గ్లూకోఫేజ్ ఎక్స్ఆర్ జెనరిక్ చౌక. ఫోర్టామెట్, గ్లూమెట్జా జెనరిక్‌లు చాలా ఖరీదు, తరచూ జాబితాలో ఉండవు. ప్రిస్క్రిప్షన్‌లో ఒక్క పదం మారితే క్లెయిమ్ పాసవుతుంది.

రాతపూర్వకంగా తిరస్కరణ వస్తే అప్పీల్‌కు 180 రోజులు. అత్యవసరమని డాక్టర్ చెబితే నిర్ణయం 72 గంటల్లో రావాలి, మామూలుగా ముందస్తు అనుమతికి 15 రోజులు, అవసరమైతే ఇంకో 15. అంతర్గత అప్పీళ్లు అయ్యాక, వైద్యపరమైన కారణంతో కాదంటే, 4 నెలల్లోపు ప్లాన్‌తో సంబంధం లేని బయటివాళ్ల సమీక్ష కోరొచ్చు. చాలా ప్లాన్లలో కౌంటర్ దగ్గరి రిజెక్ట్‌ను తిరస్కరణగా లెక్కించరు. ఉత్తరం చేతికి రావాలి.

ఈలోపు మందు ఆగకూడదంటే ఇన్సూరెన్స్ లేకుండా కొంటే పడే నగదు ధర అడగండి. అది చెప్పకుండా ఫార్మసిస్ట్ నోరు కట్టేసే షరతులను 2018లో ఫెడరల్ చట్టం నిషేధించింది. అలా కొన్నది దానంతటదే డిడక్టబుల్‌లో కలవదు. రసీదు దాచి, పీబీఎం రీయింబర్స్‌మెంట్ ఫారం పంపి చూడాలి.

అభ్యాసం: పై పెట్టెను ఫార్మసీ 28 రోజులకు ఇచ్చింది, ప్లాన్ నియమం 80 శాతం. పెట్టె తెరిచే రోజునే డాక్టర్ మోతాదును రోజుకు ఒకేసారి 80 యూనిట్లు చేశారు, ఫోన్‌లో చెప్పారంతే. ఏమవుతుంది?

జవాబు: 1500ను 82తో భాగిస్తే 18 రోజులు. రీఫిల్ దొరికేది 23వ రోజున. 19 నుంచి 22 దాకా నాలుగు రోజులు ఇన్సులిన్ ఉండదు, వెళ్తే 79 వస్తుంది. మోతాదు మారిన రోజే 80 యూనిట్లని రాసిన కొత్త ప్రిస్క్రిప్షన్ ఫార్మసీకి పంపించాలి. పాతదాని మీద 79 వచ్చినా, మోతాదు పెరిగిందని చూపించి ఫార్మసిస్ట్ ఓవర్‌రైడ్ అడగగలరు.