పగటి నొప్పికి విజయ మందు: మగత లేకుండా మోతాదు సరిచేసుకున్న తీరు

ఆయుర్వేదంలో గంజాయిని విజయ అంటారు. దాని ఆకుతో చేసే విజయ తైలం వైద్యుడి చీటీతోనే వాడాలి. గంజాయి పూమొగ్గల సంగతి వేరు, 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) వాటిని వదలదు.

నాకు వచ్చిన చిక్కు ఏమిటంటే, ఈ తైలంతో నడుము నొప్పి తగ్గింది గానీ పగలు పదకొండయ్యేసరికి కళ్లు మూతలు పడేవి. తప్పు తొందరలో ఉంది. మింగిన మందు పని చేయడానికి గంట, రెండు గంటలు పడుతుంది. అరగంటకే ఇంకొన్ని చుక్కలు వేసుకుంటే రెండు మోతాదులూ ఒకేసారి మీద పడతాయి.

చుక్కలు లెక్కపెట్టడం మానాలి, అవి ఒక్కో సైజులో పడతాయి. సూది లేని 1 మి.లీ. సిరంజి వాడాలి. మి.లీ.కి 10 మి.గ్రా. టీహెచ్‌సీ (గంజాయిలో మత్తునిచ్చే పదార్థం) ఉన్న సీసా అయితే 0.25 మి.లీ. అంటే 2.5 మి.గ్రా. వైద్యుడు చెప్పిన అతి తక్కువ మోతాదును మూడు రోజులు కదపకుండా ఉంచాలి. వేసుకునే ముందు, తర్వాత 1, 2, 4, 6 గంటలకు నొప్పినీ మగతనూ వేర్వేరుగా 0 నుంచి 10 లోపు రాయాలి.

తిండి కూడా మార్చకూడదు. నూనె బాగా పడిన ఉగ్గాని, బజ్జి తిన్న రోజు మందు ఎక్కువగా ఒంటికి పడుతుంది, ఇడ్లీ తిన్న రోజుతో పోల్చలేం.

నొప్పి 7 నుంచి 4కు దిగి, మగత 2 దాటకపోతే పగటికి అది చాలు. సున్నా కోసం పెంచితే మగతే మిగులుతుంది.

అనంతపురం ఎండల్లో నీళ్లు తక్కువ తాగితే లేచి నిలబడగానే బీపీ పడి కళ్లు తిరుగుతాయి. మందు వేసుకున్న రోజు బండి తోలొద్దు. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), నిద్రమాత్రలు వాడేవాళ్లు ముందే వైద్యుడికి చెప్పాలి.