చార్జింగ్ బోర్డుకి ఏ యూఎస్‌బీ పోర్టు వేయాల?

చిత్తూరు దగ్గర మా మామ మామిడి తోట కాపలాకి పట్టకపోయే టార్చి పోర్టు ఊడిపోయిందని నా దగ్గరికి తెచ్చినాడు, విప్పి చూస్తే మైక్రో పోర్టు, దాంతోపాటు బోర్డు మీద రాగి ట్రాక్ కూడా పైకి లేచొచ్చేసింది.

అందుకే పోర్టు కొనేటప్పుడు ముందు కాళ్ళు చూడండి. రేకు బాడీకి ఉండే కాళ్ళు బోర్డు రంధ్రాల్లో దిగి అవతల సోల్డర్ అవ్వాల. పైపైన అతికించే రకమైతే రోజూ లాగీ పెట్టీ చేసే వస్తువుకి నిలవదు, మైక్రో అయినా టైప్ సీ అయినా అంతే.

తర్వాత కరెంటు. ఒక 18650 సెల్లు (గుండ్రటి లిథియం బ్యాటరీ), దాన్ని చార్జ్ చేసే టీపీ4056 చిప్ అయితే 1.2 కిలోఓమ్ రెసిస్టర్‌తో తీసుకునేది 1 ఆంపియరే, ఆ మాత్రం మైక్రో కూడా మోస్తుంది. అయినా నేను టైప్ సీనే వేస్తా, ఇప్పుడు ఇంట్లో ఉండే కేబుళ్ళన్నీ అవే కదా.

డేటా అక్కర్లేదు కాబట్టి 6 పిన్నుల టైప్ సీ చాలు, 24 పిన్నులది చేత్తో సోల్డర్ చేయాలంటే కళ్ళు పోతాయి.

ఇప్పుడు అసలు తిరకాసు. నేను మొదట రెండు పిన్నులే ఉండే చౌక టైప్ సీ పోర్టు వేసిచ్చినా, మామ కొత్త ఫోన్ చార్జర్ పెడితే లైటే వెలగలా, "ఏందబ్బా ఇది, నీ రిపేరు ఇంతేనా" అన్నాడు. రెండు పక్కలా టైప్ సీ ఉండే కేబుల్ అయితే, అవతల వస్తువు ఉందని సీసీ పిన్ను (అవతల ఏముందో గుర్తుపట్టే పిన్ను, ఆ చౌక పోర్టులో అదే లేదు) మీద తెలిసేదాకా చార్జర్ 5 వోల్టులు వదలదు. 6 పిన్నుల దాంట్లో సీసీ పిన్నులు రెండుంటాయి, సీసీ1 నుంచి గ్రౌండుకి ఒకటి, సీసీ2 నుంచి ఇంకోటి, 5.1 కిలోఓమ్ రెసిస్టర్లు విడివిడిగా వేయాల. రెండింటికీ కలిపి ఒకటే వేసి పీనాసితనం చేయొద్దు, 2019లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మొదటి బోర్డుల్లో ఆ తప్పే జరిగి లోపల చిప్ ఉండే కొన్ని కేబుళ్ళతో పవర్ రాలేదు.

బ్యాటరీ కలపకముందే మల్టీమీటర్ పెట్టి చూడండి. ఒక పక్క పాత వెడల్పు యూఎస్‌బీ ఉండే మామూలు కేబుల్‌తో 5 వోల్టులు వచ్చినాయని సంబరపడొద్దు, సీ-టు-సీ కేబుల్ పెట్టి, తీసి, తిప్పి పెట్టి మళ్ళీ చూడండి, ఒక వైపే వస్తా ఉంటే ఒక రెసిస్టర్ సోల్డర్ పట్టలేదని అర్థం.