మాస్కుకి ఆవిరి పట్టకుండా

మాల్దీవుల్లో సముద్రం లోపల మాంటా రే అనే పెద్ద రెక్కల చేప నెత్తిమీంచి వెళ్తుంటే నా డైవింగ్ మాస్కు నిండా ఆవిరి. అంత డబ్బు పోసి నీడ చూసొచ్చాను. ఈసారి కళింగపట్నంలో ఇంటి దగ్గరే సరిచేసుకున్నాను.

కొత్త మాస్కు అద్దానికి లోపలివైపు శనగగింజంత తెల్ల టూత్‌పేస్టు, జెల్ కాదు, వేలితో రెండు నిమిషాలు రుద్ది కడగాలి. ఇలా మూడుసార్లు. అద్దం మీది జిడ్డు పొర పోతుంది. దిగే ముందు రెండు చుక్కల బేబీ షాంపూ పూసి, నీళ్లలో ఒక్కసారి తొలిపి పెట్టుకోవడమే. పెరట్లో గాబులో తల ముంచి చూశాను, మా అమ్మ ఒకటే నవ్వు.

ప్లాస్టిక్ అద్దానికీ, యాంటీ ఫాగ్ పూత ఉన్నదానికీ పేస్టు వద్దు, గీతలు పడతాయి. ముక్కుతో గాలి వదిలే అలవాటుంటే ఇదీ నిలవదు.

అన్నట్టు, మాల్దీవుల్లోని పగడపు దీవుల గుంపు బా అటోల్‌లోని హనీఫారు బేలో గాలి సిలిండరుతో దిగనివ్వరు, నీటిమీద తేలుతూ గొట్టంతో ఊపిరి పీల్చే స్నార్కెలే. ఆ మాస్కుకీ ఇదే.