కలిసి పనిచేయడం – 4వ పాఠం: పైవాళ్లకి అభ్యంతరం చెప్పడం

పోయిన పాఠంలో లీడర్ పని ఎలా పంచాలో చూశాం. ఈసారి పని అందుకునేవాళ్ల వైపు నుంచి మొదలుపెడదాం.

1988లో మేనేజ్‌మెంట్ ప్రొఫెసర్ రాబర్ట్ కెల్లీ హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో రాస్తూ టీమ్ సభ్యుల్లో రెండు గుణాలు చూడమన్నాడు: సొంత ఆలోచన, చొరవ. చొరవ ఉండి ఆలోచన లేనివాళ్లు "సరే సార్" బాపతు. లీడర్లకి వీళ్లంటే భలే ముద్దు.

సొంత ఆలోచన ఉన్నా, దాన్ని ఎలా చెప్పామన్నది ముఖ్యం. 1977 మార్చి 27, స్పెయిన్‌కి చెందిన టెనెరిఫే దీవిలో విమానాశ్రయం. రన్‌వే నిండా పొగమంచు. కేఎల్ఎమ్ అనే డచ్ ఎయిర్‌లైన్స్ విమానం కెప్టెన్ టేకాఫ్ మొదలుపెట్టేశాడు. ఎదురుగా పాన్ యామ్ విమానం ఇంకా తప్పుకోలేదేమోనని ఫ్లైట్ ఇంజనీరుకి అనుమానం వచ్చింది, అడిగాడు కూడా. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా అనేశాడు. ఇంజనీరు మళ్లీ పట్టుబట్టలేదు. రెండు విమానాలూ ఢీకొని 583 మంది చనిపోయారు. రేడియోలో మాటలు ఒకదానిమీద ఒకటి పడడం లాంటి కారణాలు ఇంకా ఉన్నాయి. మనకి కావలసింది మాత్రం ఆ ఒక్క ప్రశ్న, దానికొచ్చిన జవాబు. అనుమానాన్ని ప్రశ్నగా అడిగితే ఒక్క ముక్కతో కొట్టిపారేయడం తేలిక.

తర్వాత విమాన సిబ్బందికి ఇచ్చిన శిక్షణలో ఒక వరస నేర్పారు. ఆఫీసులో అది ఇలా ఉంటుంది: "మేడమ్, ఒక్క నిమిషం. శుక్రవారం రిలీజ్ గురించి నాకు టెన్షన్‌గా ఉంది. పేమెంట్ టెస్టులు రెండు ఇంకా ఫెయిలవుతున్నాయి. సోమవారానికి జరుపుదాం. ఏమంటారు?" పిలుపు, ఆందోళన, కళ్లతో చూసిన విషయం, పరిష్కారం, చివర్లో జవాబు రాబట్టడం. ఈ చివరిదాన్నే చాలామంది మింగేస్తారు.

ఇక మేడమ్ వంతు. "చూద్దాంలే" అన్నారంటే ఆ మాట అక్కడితో సరి. "ఏ టెస్టులు? చూపించు" అంటే సంభాషణ నడుస్తుంది. చివరికి శుక్రవారమే కానిద్దామనుకున్నా ఫరవాలేదు, కారణం చెప్పాలి. మిగతా టీమంతా ఆ జవాబునే గమనిస్తూ ఉంటుంది. "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటే ఎవరూ నోరు విప్పరు. "ఈ ప్లాన్ ఎక్కడ బెడిసికొట్టొచ్చు?" అని అడిగి చూడండి.

అభ్యాసం: ఈ వారం మీటింగులో మీరు మింగేసిన అనుమానం ఒకటి తీసుకుని పై వరసలో రాసి, చెప్పండి. మీరే లీడరైతే, ఎవరైనా అభ్యంతరం చెప్పినప్పుడు మీ నోట వచ్చిన మొదటి వాక్యం ఉన్నదున్నట్టు రాసిపెట్టుకోండి.

5వ పాఠం: ఇంత చెప్పినా వినకపోతే ఏం చేయాలి?